‘పిక్ అప్’ చేతికి చిక్కాలంటే

“వాడు ఫోన్ లిఫ్ట్ చేయట్లేదు” అని తెలుగులో అనుకుంటే ఏ ఇబ్బందీ లేదు. అది తెలుగు వాక్యమే, అందులోని లిఫ్ట్ కూడా ఇప్పుడు తెలుగు మాట కిందే లెక్క. చిక్కల్లా దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి తిప్పి “హీ ఈజ్ నాట్ లిఫ్టింగ్ ద ఫోన్” అన్నప్పుడు వస్తుంది. హైదరాబాద్ ఆఫీసులో అందరికీ అర్థమవుతుంది. లండన్‌లోనో చికాగోలోనో ఉన్న మనిషికి మాత్రం ఆ ఫోన్ అంత బరువుందా అని అనుమానం వస్తుంది. వాళ్ళు అనేది “హీ ఈజ్ నాట్ పికింగ్ అప్.” అక్కడితో వాక్యం అయిపోయింది, ఫోన్ అనే మాట కూడా అక్కర్లేదు.

ఇలాంటివే ఇంకో రెండు. “ఆరింటికి వచ్చి నిన్ను పిక్ చేసుకుంటా” అని స్నేహితుడికి చెప్పే అలవాటులో, మేనేజరుకు “ఐ విల్ పిక్ యూ ఎట్ సిక్స్” అని మెసేజ్ కొడతాం. చివర ఉండాల్సిన చిన్న ‘అప్’ ఎగిరిపోయింది. అప్ లేని పిక్ అంటే ఏరుకోవడం, ఎంచుకోవడం. ఆరు గంటలకు మేనేజరుగారిని ఎంపిక చేస్తామని మాట ఇచ్చినట్టయింది. ఇక ఊరి నుంచి వచ్చిన నాన్నగారిని స్టేషన్‌లో ‘రిసీవ్ చేసుకున్నాను’ అని, ఇంగ్లీషులోనూ అదే రిసీవ్ వాడేస్తాం. దండలు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద వరసగా నిలబడి మంత్రిగారికి స్వాగతం పలికితే అది రిసీవ్. బండి తీసుకెళ్ళి నాన్నను ఎక్కించుకొస్తే “ఐ పిక్డ్ అప్ మై ఫాదర్ ఫ్రమ్ ద స్టేషన్.”

మూడుచోట్లా కావలసింది ఒకే క్రియ. ఈ అధ్యాయమంతా దాని గురించే. ఒక్క క్రియకు ఒక అధ్యాయమా అని మీరు అనుకోవచ్చు. ఫ్రేజల్ వర్బ్స్ నేర్పే పుస్తకాలు సాధారణంగా పేజీకి పాతిక చొప్పున వడ్డిస్తాయి. గివ్ అప్, గివ్ ఇన్, గివ్ అవే, గెట్ ఆన్, గెట్ ఓవర్... ఎదురుగా తెలుగు అర్థం, కింద ఒక ఉదాహరణ. పరీక్ష ముందు రోజు రాత్రి బట్టీ పట్టడానికి ఆ పట్టికలు బాగుంటాయి. మాట్లాడాల్సి వచ్చేసరికి ఒక్కటీ నోటికి రాదు. నా మాట వింటే అలాంటి పట్టికలు మూసి పక్కన పెట్టండి. ఒక్కదాన్ని తీసుకుని దాని ఇల్లూ వాకిలీ, చుట్టాలూ పక్కాలూ అందరినీ పరిచయం చేసుకుంటే తరవాతివాటిని పట్టుకునే పద్ధతి దానంతట అదే తెలుస్తుంది.

ఈ తంటా మనకు మాత్రమే అనుకోకండి. 1755లో తన ప్రసిద్ధ నిఘంటువు అచ్చువేసినప్పుడే శామ్యూల్ జాన్సన్, క్రియకు ఒక చిన్న మాట తగిలి అర్థం మారిపోయే ఈ పద్ధతి పరాయి దేశాలవాళ్ళకు అన్నిటికన్నా కష్టమని ముందుమాటలో ఒప్పుకున్నాడు. వీటికి ఇప్పుడు మనం వాడే ‘ఫ్రేజల్ వర్బ్’ అన్న పేరు మాత్రం చాలా తరవాత, 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ సూచించిన పేరది. తమాషా ఏమిటంటే అదే 1925లో ఫోర్డ్ కంపెనీ వెనక తొట్టి బిగించిన మోడల్ టి బండిని ‘పికప్ బాడీ’ అని పేరు పెట్టి 281 డాలర్లకు అమ్మింది. మన ఊళ్ళలో టమాటా గంపలు మోసే బొలేరో పికప్ వరకూ ఆ పేరే నడుస్తోంది.

తెలుగులో ‘పట్టు’

పిక్ అప్ అర్థాలు ఇన్నా అని బెదిరే ముందు మన ‘పట్టు’ను ఒకసారి చూడండి. చేప పట్టాడు. బిడ్డకు పాలు పట్టింది. ఇనుముకు తుప్పు పట్టింది. ఒళ్ళంతా చెమట పట్టింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దుటి నుంచీ ముసురు పట్టింది. వెళ్ళడానికి గంట పట్టింది. ప్రతిదానికీ తప్పు పడతాడు. చివరికి ఊరి దారి పట్టాడు. ఇందులో చేప పట్టడానికీ నిద్ర పట్టడానికీ పోలిక ఎక్కడుంది? అయినా ఐదేళ్ళ పిల్లవాడు కూడా తడబడడు. ‘పట్టు’కు ఉన్న అర్థాల జాబితా ఎవరూ వాడికి ఇవ్వలేదు. పక్కన నిద్ర ఉంటే ఒక అర్థం, తుప్పు ఉంటే ఇంకొకటి అని చెవి నేర్చుకుంది.

పిక్ అప్‌కూ ఇదే సూత్రం. దాని అర్థం దానిలో కొంతే ఉంటుంది, మిగతాది పక్కనున్న నామవాచకంలో ఉంటుంది. పక్కన ఫోన్ ఉందా, జలుబు ఉందా, బిల్లు ఉందా, వేగం ఉందా అని చూడండి. ‘పిక్ అప్ అంటే ఏమిటి’ అని అడిగితే సమాధానం ఉండదు. ‘దేన్ని పిక్ అప్ చేశాడు’ అని అడిగితే ఇట్టే తెలిసిపోతుంది.

చేతికి వచ్చేవి

ఈ అర్థాల్లో చాలా భాగాన్ని ఒక్క ఊహ కింద సర్దవచ్చు: ఎక్కడో ఉన్నది మన చేతికి రావడం. కింద పడిన పెన్ను తీస్తాం, “పిక్ అప్ ద పెన్.” ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుంటాం, “పిక్ అప్ ద బేబీ.” బడి దగ్గర నిలబడ్డ పిల్లలను, దర్జీ దగ్గర ఉన్న బట్టలను, కొరియర్ ఆఫీసులో పడి ఉన్న పార్సిలును వెళ్ళి తెచ్చుకుంటాం. దారిలో పాల ప్యాకెట్ కొనుక్కొస్తాం, “ఐ విల్ పిక్ అప్ సమ్ మిల్క్ ఆన్ ద వే.” ఇంతవరకూ కంటికి కనిపించే వస్తువులు, మనుషులు.

తరవాత కంటికి కనిపించనివి వస్తాయి. బెంగళూరులో రెండేళ్ళు ఉంటే కన్నడం వచ్చేస్తుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, కూరగాయల బండి దగ్గరా ఆటోలోనూ చెవిన పడి వచ్చింది. దీనికి “ఐ పిక్డ్ అప్ సమ్ కన్నడ” కన్నా సరైన వాక్యం ఇంగ్లీషులో లేదు. చెడు అలవాటు, కొత్త యాస, వంటలో చిట్కా అన్నీ ఇలాగే వస్తాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. పద్ధతిగా చదివి నేర్చుకున్నదానికి ఈ మాట అతకదు. నాలుగేళ్ళు బీటెక్ చదివి “ఐ పిక్డ్ అప్ ఇంజనీరింగ్” అంటే, రోడ్డు మీద దొరికిందన్నట్టు ఉంటుంది.

ఈ తేడాను ఇంటర్వ్యూలో మీకు లాభంగా మార్చుకోవచ్చు. “ఐ స్టడీడ్ జావా ఇన్ కాలేజ్ అండ్ పిక్డ్ అప్ పైథాన్ ఆన్ ద జాబ్” అనే ఒక్క వాక్యంలో మూడు సంగతులు చేరిపోతాయి. మీకు పునాది ఉంది, పనిలో పడి కొత్తది నేర్చుకోగలరు, ఎవరో నేర్పించాలని ఎదురుచూడరు. ‘లెర్న్’ను రెండుసార్లు వాడి చెప్పిన వాక్యంలో ఈ సంగతి వినపడదు. రెజ్యూమె కాగితం మీద మాత్రం ‘లెర్న్డ్’ అనే రాయండి. పిక్ అప్ మాటల్లో నప్పుతుంది, కాగితం మీద కాస్త లుంగీలో ఆఫీసుకు వచ్చినట్టు ఉంటుంది.

జబ్బులూ ఇలాగే అంటుకుంటాయి. ప్రయాణంలో జలుబు, హాస్టల్ తిండితో కడుపునొప్పి వస్తే “ఐ పిక్డ్ అప్ ఎ బగ్.” బగ్ అంటే ఇక్కడ పురుగు కాదు, చిన్నపాటి ఇన్‌ఫెక్షన్. షుగరు, బీపీ, గుండెజబ్బు లాంటివి ఒకరి నుంచి అంటుకునేవి కావు కాబట్టి వాటికి ఈ మాట పనికిరాదు. అదే జబ్బుల సందర్భంలో ఇంకో వాడకం ఉంది, అది విని కంగారు పడేవాళ్ళూ ఉన్నారు. “ద స్కాన్ పిక్డ్ ఇట్ అప్ ఎర్లీ” అని డాక్టరు అంటే, స్కాన్ వల్ల జబ్బు అంటుకుందని అర్థం కాదు. స్కానింగ్‌లో అది ముందుగానే బయటపడిందని. రేడియో సిగ్నల్ అందుకోవడం, మైకు చిన్న చప్పుడును కూడా లాక్కోవడం, కుక్క వాసన పసిగట్టడం ఈ కోవలోనివే. కచేరీల్లో వీణకు తగిలించే చిన్న పరికరాన్ని పికప్ అనడం కూడా అందుకే. తీగ కదలికను అందుకుంటుంది.

చివర ‘ఆన్’ చేర్చితే మనసులోది పసిగట్టడం: “షీ పిక్డ్ అప్ ఆన్ మై ఫియర్.” నేను చెప్పకుండానే నా భయాన్ని కనిపెట్టింది. మధ్యలో ఉన్న అప్‌ను మింగేశారో, “పిక్ ఆన్” అయిపోతుంది. దానికి అర్థం ఒకరినే లక్ష్యం చేసుకుని ఏడిపించడం. హెచ్‌ఆర్ ముందు ఈ రెండూ తారుమారైతే మాట ఎక్కడికి పోతుందో చెప్పనక్కర్లేదు.

బాధ్యత కూడా చేతికి వచ్చేదే. హోటల్లో “ఐ విల్ పిక్ అప్ ద బిల్” అంటే బిల్లు కాగితం చేత్తో పట్టుకుని చూస్తానని కాదు, డబ్బు నేను కడతానని. తెలియక ఆ మాట అన్నవాళ్ళు పర్సు తీయక తప్పదు. అమెరికాలో చదువుకునే మన పిల్లలు మొదటి వారంలోనే వినే వాక్యం ఒకటుంది: “కెన్ యూ పిక్ అప్ మై సాటర్డే షిఫ్ట్?” శనివారం నా బదులు నువ్వు పనికి వెళ్తావా అని. సరే అనే ముందు ఒక లెక్క చూసుకోండి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకూడదు.

అదే దేశంలో మందుల దుకాణానికి వెళ్తే రెండు కిటికీలు కనిపిస్తాయి, ఒకదాని మీద ‘డ్రాప్ ఆఫ్’, ఇంకోదాని మీద ‘పికప్’. చీటీ మొదటి కిటికీలో ఇవ్వాలి, మందు రెండోదాంట్లో తీసుకోవాలి. బళ్ళ దగ్గర సాయంత్రం పిల్లల కోసం కార్లు బారులు తీరే వరసను ‘పికప్ లైన్’ అంటారు. కొంటెగా, అమ్మాయిని మాటల్లో దింపడానికి అబ్బాయి వేసే డైలాగుకూ ఇంగ్లీషులో పేరు పికప్ లైనే. కాబట్టి కుర్రాళ్ళకు ఒక హెచ్చరిక. “ఐ పిక్డ్ అప్ మై సిస్టర్ ఎట్ ద ఎయిర్‌పోర్ట్” నిక్షేపంలాంటి వాక్యం. సిస్టర్ స్థానంలో ‘ఎ గర్ల్’, ఎయిర్‌పోర్ట్ స్థానంలో ‘ఎ పార్టీ’ పెట్టి చూడండి, మీరు లిఫ్ట్ ఇచ్చినట్టు ఎవరూ అనుకోరు. పక్కమాట మారితే మీ పరువే మారిపోయింది.

పోలీసుల సంగతి తెలుగులో వివరించే పనిలేదు. “రాత్రి వాణ్ణి ఎత్తుకెళ్ళారు” అని మనమంటే, ఇంగ్లీషు పత్రికలు “పిక్డ్ అప్” అంటాయి. అరెస్టు చూపించారా లేదా అన్నది ఇందులో తేలదు, అదుపులోకి తీసుకున్నారన్నంతవరకే.

పైకి లేచేవి

రెండో గుంపు చిన్నది. ఇక్కడ ఎవరూ దేన్నీ తీయరు, అదే లేస్తుంది. పండగ ముందు వ్యాపారం పుంజుకుంటుంది, “బిజినెస్ ఈజ్ పికింగ్ అప్.” సాయంత్రానికి గాలి జోరందుకుంటుంది. స్టేషన్ దాటాక రైలు వేగం అందుకుంటుంది, “పిక్డ్ అప్ స్పీడ్.” మన ‘పుంజుకోవడం’, ‘అందుకోవడం’ ఇక్కడ చక్కగా సరిపోతాయి. మెకానిక్ దగ్గర “బండికి పికప్ తగ్గింది” అంటాం కదా, అదీ ఈ గుంపులోదే. మన సొంత కల్పన అనుకునేరు, ఇంగ్లీషు నిఘంటువుల్లోనూ ఆ అర్థం ఉంది. బయటి దేశాల్లో మాత్రం ఇప్పుడు ఎక్సలరేషన్ అనే మాట ఎక్కువ వినిపిస్తుంది.

వీటి మధ్య ఎటూ చేరని అర్థం ఒకటుంది: ఆపినచోట మళ్ళీ ఎత్తుకోవడం. “లెట్స్ పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్.” హరికథకుడు మధ్యలో పిట్టకథ చెప్పి అసలు కథ ఎత్తుకున్నట్టు. మీటింగుల్లో ఇది రోజూ పనికొచ్చే వాక్యం, మొత్తంగా నేర్చేసుకోండి.

మన ఇంట్లో ఉన్న పాఠశాల

ఈ క్రియను వినడానికి కోచింగ్ సెంటర్ అక్కర్లేదు. ఇంగ్లీషు కామెంటరీతో ఒక క్రికెట్ మ్యాచ్ చూడండి. బౌలర్ మూడు వికెట్లు తీస్తే “పిక్డ్ అప్ త్రీ వికెట్స్.” నెమ్మదిగా సాగుతున్న ఇన్నింగ్స్‌లో పరుగుల జోరు పెరగాలంటే “ద రన్ రేట్ నీడ్స్ టు పిక్ అప్.” ఫాస్ట్ బౌలర్ తొడ పట్టుకుని కుంటుతూ బయటికి వెళ్తే “హీ హ్యాజ్ పిక్డ్ అప్ ఎ హ్యామ్‌స్ట్రింగ్ ఇంజురీ.” బంతి ఎంత దూరంలో పడుతుందో బ్యాటర్ ముందే కనిపెడితే “పిక్డ్ అప్ ద లెంత్ ఎర్లీ.” కాళ్ళ మీదికి వచ్చిన బంతిని ఒడిసి లెగ్ వైపు గాల్లోకి లేపితే అది పిక్-అప్ షాట్. క్రీడా వస్తువుల దుకాణంలో బ్యాట్ చేతికిచ్చి “పికప్ బాగుంది చూడండి” అంటే, పైకెత్తినప్పుడు తేలిగ్గా ఉందని.

ఇదే కామెంటరీలో అప్ లేని పిక్ కూడా దొరుకుతుంది. “హీ డిడ్ నాట్ పిక్ ద గూగ్లీ.” బౌలర్ చేతిలో ఉన్నది గూగ్లీ అని పోల్చుకోలేకపోయాడు. అంటే అప్ ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి, రెండూ ఒకే పూటలో పక్కపక్కన మీ చెవిన పడతాయి. కామెంటేటరు మాట, తెర మీది దృశ్యం ఒకేసారి వస్తాయి కాబట్టి నిఘంటువు తెరవకుండానే అర్థం కుదురుకుంటుంది. సినిమాల కన్నా, వార్తల కన్నా ఈ ఒక్క క్రియకు క్రికెట్టే మంచి గురువని నా అభిప్రాయం. ఆట నచ్చనివాళ్ళు వంటల వీడియోలు చూసుకోవచ్చు, కాకపోతే అక్కడ ఇంత వైవిధ్యం దొరకదు.

సమానార్థకాలతో జాగ్రత్త

నిఘంటువులో పిక్ అప్ ఎదురుగా పెద్ద వరస ఉంటుంది: లిఫ్ట్, కలెక్ట్, ఆన్సర్, లెర్న్, అక్వైర్, కాంట్రాక్ట్, డిటెక్ట్, రెజ్యూమ్, ఇంప్రూవ్, అరెస్ట్, బై, పే. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు, నిజానికి ఇంగ్లీషు మీడియం వాళ్ళకు కూడా, ఈ పెద్ద మాటలే ముందు వస్తాయి. పాఠ్యపుస్తకాలు నేర్పింది వాటినే. దాంతో ఇంట్లో మాట్లాడే చోట కూడా కోర్టులో వాదిస్తున్నట్టు వస్తుంది మన ఇంగ్లీషు. “ఐ కాంట్రాక్టెడ్ ఎ కోల్డ్” అంటే తప్పేమీ లేదు, కానీ జలుబుకు అంత మర్యాద అక్కర్లేదు. మలేరియా గురించి మెడికల్ రిపోర్టులో రాసేటప్పుడు కాంట్రాక్ట్ సరిగ్గా సరిపోతుంది.

ఇవి ఒకదాని బదులు ఒకటి పెట్టుకునే మాటలు కావు. ‘లిఫ్ట్’లో బరువుంది. బియ్యం బస్తాను లిఫ్ట్ చేస్తారు, చీపురుపుల్లను పిక్ అప్ చేస్తారు. ‘కలెక్ట్’ కాస్త హుందా మాట. బ్రిటన్‌లో పిల్లలను బడి నుంచి కలెక్ట్ చేయడం కూడా మామూలే. అక్కడి దుకాణాలు ‘క్లిక్ అండ్ కలెక్ట్’ అని రాసుకునేచోట అమెరికా దుకాణాలు ‘స్టోర్ పికప్’ అని రాస్తాయి. ‘రెజ్యూమ్’ మీటింగు మినిట్సులో రాయడానికి. ‘ఇంప్రూవ్’ దేనికైనా వాడవచ్చు. పిక్ అప్ మాత్రం అప్పటిదాకా చతికిలపడి ఉన్నది లేచినప్పుడే బాగుంటుంది. బాగా నడుస్తున్న దుకాణం ఇంకా బాగా నడిస్తే పిక్ అప్ అనరు. ఇక ‘బై’ సంగతి. పిక్ అప్‌లో దారిన పోతూ తేలిగ్గా కొనడం ఉంటుంది. పాలు, పత్రిక, అగ్గిపెట్టె వీటికి సరే. “ఐ పిక్డ్ అప్ ఎ ఫ్లాట్ ఇన్ కొండాపూర్” అన్నారంటే వంకాయలు కొన్నట్టు ఫ్లాటు కొన్నానని గొప్పలు పోవడమే. కావాలనే అంటే మీ ఇష్టం.

ఒక గుర్తు పెట్టుకోండి. ఎదురుగా మనిషి ఉండి మాట్లాడేటప్పుడు పిక్ అప్ వైపు మొగ్గండి. దరఖాస్తు, నివేదిక, ఫిర్యాదు రాసేటప్పుడు ఒంటిమాట క్రియల వైపు మొగ్గండి. ఈమెయిలు రెండిటికీ మధ్యది, ఎవరికి రాస్తున్నారో చూసుకుని తేల్చుకోవాలి.

మధ్యలో కూర్చునే మాట

వ్యాకరణం ఎక్కువ లేదు, ఉన్నది మాత్రం తప్పించుకోలేనిది. పేరు చెప్పేటట్టయితే రెండు చోట్లా పెట్టవచ్చు: “పిక్ అప్ ద బుక్”, “పిక్ ద బుక్ అప్.” ఇట్, హిమ్, హర్, యూ, దెమ్ లాంటి సర్వనామం అయితే మధ్యలోనే కూర్చోవాలి. “పిక్ ఇట్ అప్”, “ఐ విల్ పిక్ యూ అప్.” “పిక్ అప్ ఇట్”, “ఐ విల్ పికప్ యూ” అన్నవి తప్పు. మనవాళ్ళు చేసే తప్పుల్లో నాకు ఎక్కువ కనిపించేది ఇదే. కారణం ఊహించడం కష్టం కాదు. తెలుగులో మనం పికప్ అనే ముద్దను ముక్కలు చేయకుండా ‘పికప్ చేస్తా’ అంటాం. ఆ ముద్ద నోట్లో అలాగే ఉండిపోయి ఇంగ్లీషులోకీ వస్తుంది.

పైకి లేచే గుంపులో చాలావాటికి అసలు కర్మే ఉండదు కాబట్టి ఈ బాధ లేదు. ‘పిక్ అప్ ఆన్’ను విడదీయకూడదు. ‘పిక్ అప్ స్పీడ్’ లాంటి కుదురుకుపోయిన జంటలనూ కదపకుండా ఉంచడమే మేలు.

రాతలో ఒక తేడా. క్రియ అయితే రెండు మాటలు విడిగా, నామవాచకం అయితే కలిపి. ‘పికప్ పాయింట్’, ‘పికప్ టైమ్’ కలిసి ఉంటాయి. బ్రిటిష్‌వాళ్ళు మధ్యలో గీత పెడతారు. డ్రైవరుకు పంపే మెసేజ్‌లో ఇది ఎలా ఉన్నా కారు వస్తుంది, క్లయింటుకు పంపేదాంట్లో మాత్రం చూసుకోండి.

నోటికి

క్రియగా అనేటప్పుడు ఊనిక ‘అప్’ మీద పడాలి, నామవాచకంగా అనేటప్పుడు ‘పిక్’ మీద. పలికేవాళ్ళకు ఇది చిన్న తేడా, వినేవాళ్ళకు పెద్దది. గతకాలంలో ‘పికెడ్ అప్’ అని మూడు ముక్కలుగా పలికేవాళ్ళు ఎక్కువ. అక్కడ ‘ఎడ్’ అనే శబ్దమే లేదు. క తరవాత సన్నని ట వస్తుంది, అది అప్‌తో కలిసిపోయి ‘పిక్టప్’ అవుతుంది. ‘ఐ పిక్టిటప్’ అని గబగబా పదిసార్లు అనండి. ఐ పిక్డ్ ఇట్ అప్ అన్న వాక్యం మాటల్లో అలాగే వినిపిస్తుంది. మొదట నవ్వొస్తుంది, ఐదోసారికి నాలుక అలవాటు పడుతుంది. ఇలా ముద్దగా వింటేనే టీవీలో వాళ్ళు అన్నది కూడా మీకు అందుతుంది. చాలామంది అర్థం తెలియక కన్నా, విడివిడిగా వినపడుతుందని ఎదురుచూసి దాన్ని జారవిడుచుకుంటారు.

సాధన

ఒక నోటుబుక్కు తీసుకుని పేజీ పైన పిక్ అప్ అని రాయండి. కింద అర్థాలు రాయొద్దు. పక్కమాటలు మాత్రమే రాయండి: ఫోన్, నాన్న, పార్సిల్, కన్నడం, జలుబు, సిగ్నల్, బిల్లు, షిఫ్ట్, వేగం, వ్యాపారం. ప్రతి మాటకూ మీ జీవితంలో జరిగిన సంగతితో ఒక వాక్యం కట్టండి. పుస్తకంలో ఉన్న ‘జాన్ పిక్డ్ అప్ ద బాల్’ రాసుకుని లాభం లేదు, జాన్ ఎవరో మీకు తెలియదు. మీ చెల్లెలు ఫోన్ తీయని రోజు, మీ మావయ్య బస్టాండులో మీకోసం కాచుకున్న సాయంత్రం, మీకు ఏ భాష ఎక్కడ అబ్బిందో ఆ సంగతి రాయండి. రాసింది పైకి చదవండి. ఇంకెక్కడైనా కొత్త పక్కమాట దొరికితే అదే పేజీలో చేర్చండి.

చదివినవన్నీ మర్చిపోయినా సరే, రేపటి నుంచి మూడు వాక్యాలు సరిచేసుకుంటే చాలు. ఎవరైనా ఫోన్ తీయకపోతే “నాట్ పికింగ్ అప్.” ఎవరినైనా తీసుకురావాలంటే “ఐ విల్ పిక్ యూ అప్.” పనిలో నేర్చుకున్నది చెప్పాలంటే “ఐ పిక్డ్ ఇట్ అప్ ఆన్ ద జాబ్.” ఈ మూడూ ఆలోచించకుండా నోటికి వచ్చేదాకా ‘టేక్ ఆఫ్’, ‘పుట్ ఆఫ్’, ‘మేక్ అప్’ల జోలికి పోవద్దు. వాటికీ ఒక్కో పేజీ ఖాళీగా ఉంచండి.